ఎర్రపిల్లల మీద గాలం వెయ్యొద్దబ్బయ్యా

చేపలు పట్టడం గురించి మన సాఫ్టువేరు వాళ్లందరికీ తెలిసిన ముక్క ఒకటుంది. "ఆకలేసినవాడికి చేపనివ్వకు, చేపలు పట్టడం నేర్పు" అని. ఇండక్షన్లో ఒకసారి, లీడర్‌షిప్ ట్రైనింగులో ఇంకోసారి, ఎక్కడికెళ్లినా రెండో స్లైడులో ఇదే. ఆ స్లైడు వేసినవాళ్లలో ఒక్కరైనా చేపలు పట్టడం నేర్పారా అంటే, లేదు :)

నాకు నేర్పింది మా నాయుడుపేటలో ఒక తాత. చుట్టం కాదు, వరసకి తాత అంతే. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. నలభై ఏళ్ల పైనే గాలం వేస్తున్నాడు. పేరు రాస్తే ఊరుకోడు కాబట్టి ఇక్కడ కూడా తాతే. ఆయన చెప్పినవన్నీ ఒకచోట రాసి పెడదామని చాలా రోజులుగా అనుకుంటున్నా. ఎందుకు రాయాల్సి వచ్చిందో చివర్లో చెప్తాను. ముందు కాస్త ఊరు, నీళ్లు.

నాయుడుపేట తెలియనివాళ్లకి: చెన్నై నుంచి నెల్లూరు వెళ్లే హైవే మీద, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు రోడ్డు చీలే చోట ఉంటుంది. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, అప్పట్నుంచి తిరుపతి జిల్లా. చేపలకి ఈ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. పక్కనే స్వర్ణముఖి ఏరు. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా వచ్చి, మా ఊరు దాటి, వాకాడు దగ్గర బ్యారేజీ చూసుకుని సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలొస్తేనే అది ఏరు. అప్పుడే చెరువులు నిండుతాయి, కలుజులు పారతాయి. దక్షిణాన సూళ్లూరుపేట దాటితే పులికాట్. చిలక తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. మధ్యలో దొరవారిసత్రం దగ్గర నేలపట్టు, గూడబాతులు గూళ్లు కట్టుకునే చోటు. ఆ గూడబాతులు పులికాట్ దాకా ఎగిరి వెళ్లి చేపలు తెచ్చి పిల్లలకి పెడతాయి. ఈ ప్రాంతంలో అసలైన సీనియర్ వేటగాళ్లు అవే. మనం ఫ్రెషర్లం.

డాలస్‌లో ఉండే మా ఇంజనీరింగ్ ఫ్రెండొకడికి ఈమధ్య బాస్ ఫిషింగ్ పిచ్చి పట్టింది. బాస్ అంటే అక్కడి మంచినీళ్ల చేప, పెద్ద నోరు, మంచి పోట్లాట. పడితే పట్టి, స్కేలు పెట్టి కొలిచి, ఫోటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. (ఆఫీసు బాసు విషయంలో ఈ సౌకర్యం లేదు.) వాడి లెక్చర్లు విని విని, మన దగ్గర బాస్‌కి సమానమైంది ఏదీ అని తాతని అడిగా. ఉప్పునీళ్లలో అయితే పండుగప్ప, చెరువులో అయితే కొర్రమీను అన్నాడు. తర్వాత చదివితే సరిగ్గానే చెప్పాడనిపించింది. పండుగప్పని ఇంగ్లీషులో ఏషియన్ సీబాస్ అనే అంటారు. కొర్రమీనుకి బాస్‌తో చుట్టరికమేమీ లేదు గానీ అలవాట్లు ఒకటే. రెండూ నాచులో, తూటికాడల చాటున పొంచి ఉండి, కప్ప కనబడితే మీద పడతాయి. మావాడు అక్కడ రబ్బరు కప్పతో బాస్ పడతాడు. అదే రబ్బరు కప్ప ఇక్కడ కొర్రమీనుకీ పనిచేస్తుంది. ఇంకో పోలిక కూడా ఉంది, అసలు గొడవంతా దానిదే. దాని దగ్గరికి తర్వాత వస్తా.

ముందు తాత పాఠాలు. నా మాటల్లోనే రాస్తున్నా, అక్కడక్కడా ఆయన మాట అలాగే ఉంచాను.

1. గట్టు మీదకి రాగానే గాలం వెయ్యకూడదు. ఓ అరగంట నీళ్లు చూడాలి. కొర్రమీను గాలి పీల్చే చేప. దానికి మొప్పలతో పాటు తలలో గాలి పీల్చే ఏర్పాటు వేరే ఉంటుంది. కాసేపటికోసారి పైకొచ్చి ఒక గుటక వేసి పోవాల్సిందే. పైకి రానివ్వకుండా వలలో బిగించేస్తే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. నీళ్లలో మునిగి చచ్చే చేప అన్నమాట! అందుకే అది ఎక్కడుందో అదే చెప్తుంది. ఒకే చోట రెండు మూడుసార్లు "గుబుక్" మంటే అక్కడుందని లెక్క.

2. నీడ నీళ్ల మీద పడకూడదు. సూర్యుడికి ఎదురుగా కూర్చోవాలి. మాట్లాడుకుంటే పెద్దగా ఫర్వాలేదు, గాల్లో శబ్దం నీళ్లలోకి అంతగా దిగదు. గట్టు మీద ధనాధనా నడిస్తే మాత్రం ఆ అదురు చేపకి ఇట్టే తెలుస్తుంది. "నోరుండొచ్చు, కాలు ఉండగూడదు" అంటాడు తాత.

3. ఎర చేపని బట్టి. జెల్లలకీ, జిలేబీలకీ వానపాము. (తిలాపియాని మావైపు జిలేబీ అంటారు, స్వీటు షాపు అనుకోకండి.) బొచ్చె, శీలావతి లాంటివాటికి తవుడు, పిండి కలిపిన ముద్ద. కొర్రమీనుకి కప్ప, లేకపోతే చిన్న చేప.

4. బెండు ఊగగానే లాగకూడదు. ఊగడమంటే చేప రుచి చూస్తోందని. బెండు మునగాలి, లేదా ఒక పక్కకి నడుచుకుంటూ పోవాలి. అప్పుడు లాగాలి. కొర్రమీను కప్పని అందుకున్నప్పుడు నీళ్లు పేలినట్టు శబ్దమొస్తుంది, మన చెయ్యి దానంతటదే లేస్తుంది. లేవనివ్వకూడదు. రెండంకెలు లెక్కపెట్టి లాగాలి. డాలస్ వాడికి వాళ్లు నేర్పిందీ ఇదేనట.

5. ఎండాకాలం తెల్లవారుజామున చేప మందకొడిగా ఉంటుంది. రాత్రంతా నాచు కూడా ఊపిరి పీల్చుకుంటుంది కాబట్టి తెల్లారేసరికి నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. పడిపోయిన నీళ్లలో నోరు తెరుచుకుని పైకొచ్చిన చేపల్ని చేత్తో ఎత్తుకోవడం వేట కాదని తాత పట్టుదల. వానల తర్వాత అయితే పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత మంచి టైము.

6. ఏ చెరువైనా ఎవరిదో ఒకరిది. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సొసైటీకో, వేలంలో పాడుకున్నవాళ్లకో ఉంటుంది. పిల్లల్ని కొని వదిలేది వాళ్లు. అడిగి కూర్చోవాలి. నేలపట్టు, పులికాట్ పక్షుల సంరక్షణ కేంద్రాలు, అక్కడ సరదాకి గాలం పట్టుకుని వెళ్లకండి.

7. తెగిన నైలాన్ దారం అక్కడే పారేసి రాకూడదు. కొంగ కాలికి చుట్టుకుంటే అది ఇక ఎగరలేదు. తాత జేబులో తెగిన దారాలు చుట్టిన పుల్ల ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ఇవి చేప పట్టడానికి. మనం బతికి ఇంటికి రావడానికి ఇంకో మూడున్నాయి, ఇవి దయచేసి సరదాగా చదివి వదిలేయకండి.

మొదటిది, ఏట్లో తెలియని చోట దిగొద్దు. ఇసక తవ్విన గుంటలు నీళ్లొచ్చాక పైకి కనబడవు. మోకాలిలోతు అనుకుని వేసిన అడుగు రెండు నిలువుల్లోకి పోతుంది. చిక్కుకున్న గాలం ఖరీదు పది రూపాయలు, తెంపేసి రండి. రెండోది, ఆన్‌లైన్లో కొన్న కార్బన్ ఫైబర్ రాడ్డు కరెంటుని బాగా లాగుతుంది. మన చెరువు గట్ల మీద తీగలు వేలాడుతుంటాయి. రాడ్డు ఎత్తేముందు తలెత్తి చూడాలి, ఉరిమితే ముడిచేసి ఇంటికి రావాలి. మూడోది, జెల్ల చేప ముళ్లు. రెక్కల పక్కన రెండు, వీపు మీద ఒకటి. గుచ్చుకుంటే ఆ రోజుకి కీబోర్డు ముట్టుకోలేరు, గ్యారంటీ. వీటన్నిటికీ ముందు, ఎక్కడికి పోతున్నామో ఇంట్లో చెప్పి పోవడం. "పోయేటప్పుడు చెప్పి పో, వచ్చేటప్పుడు చెప్పబళ్లా, వాసనే చెప్తాది" అంటాడు.

ఇక అసలు విషయం.

పోయినేడు నవంబరులో, వానలు కాస్త తెరిపిచ్చాక, ఊరి పక్క చెరువు దగ్గర తాతా నేనూ కూర్చున్నాం. తూటికాడల మధ్య ఓ చాపంత చోట నీళ్లు ఎర్రగా కదులుతున్నాయి. కుంకుమ కలిపినట్టు. చూస్తే అన్నీ వేలిగోరంత చేపపిల్లలు, వందల్లో. ఒక్కసారిగా పైకొచ్చి చిటపటమని గాలి మింగి మళ్లీ కిందికి. కొర్రమీను పిల్లలు చిన్నప్పుడు ఎర్రగా ఉంటాయి, మందగా తిరుగుతాయి. మంద కింద తల్లో తండ్రో కాపలా కాస్తుంది. ఆ టైములో దానికి తిండి మీద కన్నా కాపలా మీదే ధ్యాస. మంద మధ్యలో ఏం పడ్డా, అది కప్ప అనుకుని కాదు, పిల్లల మీదకొచ్చిన శత్రువనుకుని కొడుతుంది. అంటే, కొర్రమీనుని గ్యారంటీగా పట్టే చోటు ప్రపంచంలో ఏదైనా ఉంటే అది ఎర్రమంద. గాలం అలవాటున్న ప్రతివాడికీ ఈ కిటుకు తెలుసు.

"చూడబ్బయ్యా, ఆడ కింద కిలోన్నర పైనే ఉంటాది" అన్నాడు తాత. గాలం మాత్రం ఇవతల ఒడ్డున జిలేబీలకి వేశాడు.

"వెయ్యవా తాతా?"

"ఎర్రపిల్లల మీద గాలం వెయ్యొద్దబ్బయ్యా. అది ఆకలేసి కరవదు. పిల్లల కోసం కరస్తాది. దాన్ని లాగితే ఈ మందంతా సాయంత్రానికి కొంగల పాలు."

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "నువ్వొక్కడివే వదిలితే ఏం లాభం? రేపు ఇంకెవడో వచ్చి పట్టుకుపోతాడు" అన్నా.

"పోతే పోతాడు. వాడు పట్టిండేది వాడి లెక్క. నా లెక్క నాది."

మూడోరోజు పొద్దున్నే వెళ్లేసరికి ఆ చాపంత ఎరుపు లేదు. అక్కడక్కడా నాలుగైదేసి పిల్లలు దిక్కుకొకటిగా పైకొస్తున్నాయి. తూటికాడల మీద రెండు లకుముకి పిట్టలు, పక్కనే తెల్లకొంగలు, వాటికి పండగే. ఎవరు పట్టారో తెలీదు. తాత ఏమన్నా అంటాడేమోనని చూశా. ఏమీ అనలేదు. కాసేపు అటే చూసి, సంచి ఎత్తుకుని అవతల ఒడ్డుకి పోయి కూర్చున్నాడు. ఆ రోజంతా గాలం వెయ్యలేదు.

అంటే నేనన్నదే జరిగింది. ఆర్గ్యుమెంటు నేను గెలిచినట్టే లెక్క. అయినా ఆ గెలుపు నాకు అస్సలు మింగుడు పడలేదు. రాత్రి డాలస్ వాడికి ఇదంతా చెప్తే, బాస్ కూడా అచ్చం ఇంతే అన్నాడు. నేను దాచిపెట్టిన పోలిక ఇదే. వసంతంలో మగ బాస్ అడుగున గూడులా చదును చేసుకుని, గుడ్లకీ పిల్లలకీ కాపలా కాస్తుంది. గూటి మీద గాలం వేస్తే తరమడానికి వచ్చి చిక్కుతుంది. అలా పట్టొచ్చా కూడదా అని అక్కడి వేటగాళ్లలో ఎప్పట్నుంచో వాదన ఉందట. కానీ వాళ్లకి వాదనతో పాటు రూలు కూడా ఉంది. టెక్సాస్‌లో మామూలుగా 14 అంగుళాల లోపు పెద్దనోటి బాస్‌ని ఉంచుకోకూడదు, రోజుకి ఐదు దాటకూడదు. లైసెన్సు తప్పనిసరి. వార్డెన్ వచ్చి కొలుస్తాడు, తేడా వస్తే ఫైను.

వాళ్లూ పుట్టుకతో బుద్ధిమంతులేం కాదు. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ అనే రైతు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ని, అంటే పది కిలోల పైచిలుకు చేపని పట్టాడు. ప్రపంచ రికార్డు. తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్లి వండుకు తినేశారు. కరువు రోజులు, తప్పు పట్టలేం. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో ఒకాయన దాన్ని సమం చేసేదాకా ఆ రికార్డు పక్కన ఇంకెవరూ చేరలేదు. బాస్ పోటీలు మొదలుపెట్టిన రే స్కాట్, 1972 నుంచి పట్టిన చేపల్ని బతికించి వదలాలని పోటీల్లో పెట్టాడు. అలా మెల్లమెల్లగా అలవాటు, అలవాటు నుంచి రూలు. ఒక తరం పట్టింది.

మన దగ్గరా రూల్సు లేకపోలేదు. సముద్రంలో మరబోట్ల వేటకి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమనే. కానీ చెరువు గట్టు మీద సరదాగా గాలం వేసేవాడి దగ్గరికొచ్చి స్కేలు పెట్టి కొలిచినవాడు నాకైతే ఒక్కడూ కనబడలేదు. అక్కడ రూలు పుస్తకంలో ఉంది. ఇక్కడ తాత తలకాయలో ఉంది. ఆయన కొడుకులు ఒకరు హైదరాబాదు, ఒకరు చెన్నై. ఇద్దరికీ గాలం ముడి వెయ్యడం రాదు. బ్యాకప్ లేని సర్వర్ అంటే ఏంటో మనకి ఒకరు చెప్పాలా? రాయడానికి కారణం ఇదే.

ఇక్కడో మాట. వల వేసి బతికేవాళ్ల గురించి కాదు నా గొడవ. అది వాళ్ల కూడు, చెరువుకి డబ్బు కట్టింది వాళ్లు, ఏది ఎప్పుడు తియ్యాలో వాళ్లకి తెలుసు. నేననేది వారాంతంలో కారేసుకుని వచ్చే మనలాంటి వాళ్లని. కరోనా తర్వాత ఇంటినుంచే పని మొదలయ్యాక, ఊళ్లలో రాడ్లూ రీళ్లూ బాగా కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ మనం ఆ చేప పట్టకపోతే పస్తుండం. పస్తుండని వాడికి వదిలే బాధ్యత ఎక్కువుంటుందా ఉండదా? వలకి కళ్లుండవు, వచ్చిందంతా వస్తుంది. గాలానికి ఒక్కో చేపే పడుతుంది, పట్టేముందే ఎక్కడ వెయ్యాలో, పట్టాక ఉంచాలో వదలాలో ఆలోచించుకునే వీలుంది. గాలం గొప్పతనం ఓపిక నేర్పడం అంటారు. నాకు మాత్రం ఆ వీలే గొప్పదనిపిస్తుంది. దాన్ని వాడుకోనప్పుడు గాలమెందుకు, మార్కెట్లో కొనుక్కోవచ్చు.

వదలడంలో కూడా తాతకి లెక్కలున్నాయి. చిన్నదాన్ని వదలాలి, అది అందరికీ తెలిసిందే. మరీ పెద్దదాన్ని కూడా వదలమంటాడు. పండుగప్ప సంగతి చదివాక ఇందులో అర్థముందనిపించింది. అది పుట్టినప్పుడు మగది. కొన్నేళ్లు మగదిగా బతికి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. కాబట్టి బాగా పెద్ద పండుగప్ప పడిందంటే అది దాదాపుగా గుడ్లు పెట్టే తల్లే. తల్లుల్ని ఏరేస్తూ పోతే మిగిలేది మగపిల్లలే. చెన్నైలోని సిబా, అంటే ఉప్పునీటి చేపల పరిశోధనా సంస్థ, 1997లో మన దేశంలో మొదటిసారి ఈ చేపతో హేచరీలో గుడ్లు పెట్టించగలిగింది. అంత కష్టపడి చేయించాల్సిన పనిని అది నీళ్లలో తనంతట తాను చేసుకుంటుంటే మనం అడ్డు పడకుండా ఉంటే చాలు.

వానాకాలం కొత్త నీళ్లకి చేప ఎదురెక్కుతుంది. కలుజు దగ్గర బుట్ట పెట్టినా పడుతుంది. అప్పుడు పట్టొద్దు, అది గుడ్లు పెట్టడానికి పోతోంది అంటాడు. వదిలేటప్పుడు చేతులు తడుపుకుని పట్టుకోవాలి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి తర్వాత జబ్బు పడుతుంది. ఎండకి కాలిన గట్టు రాళ్ల మీద పడేసి ఫోటోలు తియ్యకూడదు. గాలం కొక్కేనికుండే ఎదురుముల్లుని పట్టకారుతో నొక్కేస్తే నోరు చీరకుండా ఊడొస్తుంది. ఇలా చేస్తే కొన్ని చేపలు తప్పించుకుంటాయి కదా అంటే, "తప్పించుకోనీ, నీకేమన్నా టార్గెట్ ఉండాదా" అన్నాడు. నాకుందని చెప్పలేదు, ఆఫీసులో ఉన్నది చాలు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఒకటుంది. ఎన్ని చేపలు కావాలో గట్టు మీద లెక్కేసుకోకూడదు, ఇంటి దగ్గరే వేసుకుని బయల్దేరాలి. "ఇంట్లో ఎంతమంది తింటారో పొయ్యి దగ్గర అడుగు. గట్టు మీద అడిగితే ఆశ జవాబు చెప్తాది." ముగ్గురికి రెండు చాలనుకుంటే రెండు. రెండు పడ్డాక బెండు తీసెయ్యాలి. తర్వాత ఎంత బాగా పడుతున్నా సరే. ఆయన సంచిలో రెండు చేపలకి మించి నేనెప్పుడూ చూడలేదు. ఖాళీ సంచితో వచ్చిన రోజులు మాత్రం చాలా చూశాను, ఆ రోజు ఎవరైనా అడిగితే "ఏమీ పడలా" అని హాయిగా చెప్తాడు.

తాత ఒక్కడు వదిలినందువల్ల ఆ మంద బతకలేదు, నిజమే. ఆ చెరువు గట్టుకి వచ్చేవాళ్లలో పదిమంది వదిలుంటే బతికేదేమో. ఆ పదిమంది ఆయనకి ఎలాగూ దొరకరు, ఆయన గట్టు దాటి రాడు. మనలో దొరకొచ్చు. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు కొత్త రాడ్డు తీసుకుని చెరువుకి బయల్దేరితే, నీళ్లలో ఎక్కడైనా చాపంత మేర ఎర్రగా కనిపిస్తే, ఓ పది నిమిషాలు చూడండి. చాలా బాగుంటుంది. ఫోటో తీసుకోండి, పిల్లలకి చూపించండి. గాలం మాత్రం ఇంకో పక్క వేసుకోండి, జిలేబీలు బోలెడున్నాయి.